జాగ్రత్త: రాత్రిళ్ళు ఫ్రిజ్ ఆపేసే షాపులో ఇన్సులిన్ కొన్నాం

ఇప్పుడే ఆ షాపు మెట్లు దిగి వచ్చాను. కోపం మాత్రం ఇంకా దిగలేదు, అందుకే తప్పులుంటే సర్దుకుని చదవండి.

పేరు రాయను. రాస్తే నోటీసు పంపిస్తాడట, అది కూడా చెప్పి మరీ పంపించాడు మహానుభావుడు. అయినా మన వైపు పిల్లుల్నీ కుక్కల్నీ పెంచేవాళ్ళకి వేరే చెప్పక్కర్లేదు. పెద్ద డిస్కౌంట్ బోర్డు, వాట్సాప్‌లో చీటీ ఫోటో పెడితే ఇంటికి డెలివరీ, అద్దం మీద కుక్కపిల్ల బొమ్మ స్టిక్కర్. ఏ గ్రూపులో అడిగినా ముందు ఆ షాపే చెబుతారు. నేనూ చెప్పాను కొందరికి. వాళ్ళకి ఫోన్లు చేసి వద్దని చెప్పేశాను, ఇది మిగతావాళ్ళ కోసం.

మా దొరకి షుగర్. దొర అంటే మా పిల్లి. వయసు మళ్ళిన మగపిల్లి, ఆపరేషన్ అయినవాడు, కాస్త లావు. పిల్లుల్లో షుగర్ ఎక్కువగా పట్టుకునేది ఇలాంటివాళ్ళనేనట. రోజుకి రెండు పూటలా, 12 గంటల తేడాతో, పూటకి 2 యూనిట్లు గ్లార్జిన్ అనే ఇన్సులిన్. చెవి అంచున చిన్న పోటు పొడిచి, మనుషుల గ్లూకోమీటర్‌తోనే చూస్తాం. చలికాలం నుంచీ అంతా ఒక దారిలో పడింది. సూదికి ముందు 200 చుట్టుపక్కల, మధ్యాహ్నానికి 120, 130. నీళ్ళ గిన్నె దగ్గర కాపురం మానేశాడు. ఇలాగే ఉంటే కొన్నాళ్ళకి ఇన్సులిన్ అవసరమే లేకుండా పోవచ్చని డాక్టరమ్మ అంది. పిల్లుల్లో అలా నిజంగానే జరుగుతుంది. షుగర్ తొందరగా అదుపులోకి వచ్చి, పిండిపదార్థం తక్కువున్న తిండి పెడుతుంటే కొన్నింటికి సూది పూర్తిగా ఆగిపోతుంది. మేం ఆ ఆశతోనే ఉన్నాం.

ఈ మేలో కాట్రిడ్జ్, అంటే ఆ ఇన్సులిన్ ఉండే చిన్న గాజు గొట్టం, అయిపోవచ్చింది. మామూలుగా మావారు కోఠి వెళ్ళినప్పుడు ఐస్ డబ్బా పట్టుకెళ్ళి తెచ్చేవారు. ఈ ఎండల్లో అంత దూరం ఎందుకు, ఇక్కడే దొరుకుతుంది, పైగా డిస్కౌంట్ కూడా అన్నాను. అవును, నేనే అన్నాను. దొరికిన డిస్కౌంట్‌తో ఒక డజను అరటిపళ్ళు వస్తాయి, ఎవరికైనా కావాలంటే చెప్పండి.

డెలివరీ బాబు మిట్టమధ్యాహ్నం వచ్చాడు. బండి కొక్కేనికి పాలిథిన్ కవరు, అందులో కాట్రిడ్జ్, సిరంజిల ప్యాకెట్. అట్టపెట్టె పట్టుకుంటే గోరువెచ్చగా ఉంది. ఐస్ ప్యాక్ ఏది తమ్ముడూ అంటే, "దగ్గరే కదక్కా, ఏం గాదు" అని వెళ్ళిపోయాడు. సరే, పది నిమిషాల దారి, అంతలో ఏమవుతుందిలే అని ఫ్రిజ్‌లో పెట్టాను. నిజానికి పది నిమిషాల ఎండకి ఇన్సులిన్ చచ్చిపోదు. అసలు కథ ఆ పది నిమిషాల్లో లేదని తెలిసింది ఇవాళే.

కొత్త కాట్రిడ్జ్ మొదలుపెట్టిన దగ్గర్నుంచి అంకెలు ఎక్కడం మొదలైంది. 300, 380, 420. ఒక పొద్దున మీటరు అంకె కూడా చూపించలేదు, హై అని మాత్రం పడింది. మా మీటర్లో అలా పడిందంటే 600 పైన అని. మనుషుల మీటరు పిల్లి రక్తంలో సాధారణంగా ఉన్నదానికంటే తక్కువే చూపిస్తుంది, అంటే లోపల ఇంకెంత ఉందో ఊహించుకోండి. దొర మళ్ళీ నీళ్ళ గిన్నె పక్కనే పడుకోవడం, ఇసుక ట్రేలో ఇంతింత ముద్దలు, నడుము దగ్గర ఎముకలు చేతికి తగలడం. వేసే చెయ్యి అదే, డోసు అదే, తిండి అదే, టైము అదే. మందు చూస్తే నీళ్ళలా తేటగా ఉంది. గ్లార్జిన్ తేటగానే ఉండాలి, మబ్బుగా కనిపిస్తే పారెయ్యాలి అని అందరికీ తెలుసు. కానీ వేడికి పాడైన ఇన్సులిన్ కూడా చాలాసార్లు తేటగానే ఉంటుంది. కంటితో చూసి కనిపెట్టలేం.

డోసు పెంచుదామా అని డాక్టరమ్మని అడిగాను. ఆవిడ ముందు కీటోన్ల పరీక్ష చేయించింది (ఇన్సులిన్ చాలక ఒంట్లో కొవ్వు కరిగినప్పుడు పుట్టే పదార్థాలవి, ఎక్కువైతే ప్రాణం మీదికొస్తుంది), దేవుడి దయవల్ల అవి లేవు. తర్వాత, "డోసు ముట్టుకోవద్దు, ముందు మందు మార్చండి" అంది. ఎందుకంటే సత్తువ లేని మందుకి 2 యూనిట్లు చాలక 4 చేశామనుకోండి, రేపు మంచి కాట్రిడ్జ్ రాగానే ఆ 4 యూనిట్లూ నిజంగా పనిచేస్తాయి. షుగర్ ఒక్కసారిగా పడిపోయి ఫిట్స్ వస్తాయి, ప్రాణమే పోవచ్చు. ఆవిడ ఆపకపోతే ఏమయ్యేదో తలుచుకుంటే ఒళ్ళు జలదరిస్తోంది.

మావారు మళ్ళీ కోఠి వెళ్ళారు, ఐస్ డబ్బాతో. అవే 2 యూనిట్లు. అంకెలు మెల్లగా దిగాయి, 300, 240, నిన్న సాయంత్రం సూదికి ముందు 190. ఇంకేం రుజువు కావాలి?

ఇవాళ ఆ కాట్రిడ్జ్, మా రీడింగుల నోట్‌బుక్ పట్టుకుని షాపుకి వెళ్ళాను. గొడవకి వెళ్ళలేదు, ఒట్టు. ఓనరే ఉన్నాడు కౌంటర్లో. "ఇందులో ఏదో తేడా ఉందండీ, ఇదే బ్యాచ్ ఇంకెవరికైనా ఇచ్చుంటే చూసుకోండి" అన్నాను. నోట్‌బుక్ వైపు చూడనైనా చూడలేదు. ఫోన్లోంచి తలెత్తకుండానే, "మీరు ఇంట్ల సరిగ్గ పెట్టలేదేమో మేడం" అన్నాడు.

మా అత్తగారికీ షుగరే. ఆవిడ ఇన్సులిన్ లాలాగూడ రైల్వే ఆస్పత్రి నుంచి వస్తుంది, మామగారి సర్వీసు పుణ్యమా అని. మా ఫ్రిజ్‌లో ఆవిడ వయల్ (ఇన్సులిన్ సీసా), దొర కాట్రిడ్జ్ ఒకే అరలో, ఒకే డబ్బాలో ఉంటాయి. ఆవిడ షుగర్ ఇసుమంత కూడా కదల్లేదు. అదే చెప్పాను. అప్పుడు తలెత్తి చూశాడు. చూసి నవ్వాడు.

"పిల్లికే కదా మేడం. మనిషికి గాదు గదా. ఎందుకంత టెన్షన్ తీస్కుంటున్నరు?"

పక్కనున్న కుర్రాడు కూడా నవ్వాడు. నాకు ఒక్క క్షణం మాట రాలేదు. పిల్లిని ఎగతాళి చేశాడని కాదు, అది మనకి అలవాటే, చుట్టాలే చేస్తారు. నేను తీసుకెళ్ళింది మనుషుల ఇన్సులిన్ అండీ! పిల్లికోసం వేరే ఫ్యాక్టరీలో తయారైంది కాదు. అదే ఫ్రిజ్‌లోంచి, అదే అరలోంచి తీసి మనుషులకీ అమ్ముతున్నాడు. ఆ మాటే అన్నాను, కాస్త గట్టిగానే అన్నాను. మీ ఫ్రిజ్ ఒకసారి చూపించండి అన్నాను.

"మా ఫ్రిజ్‌కేమైంది" అని తనే తలుపు తీశాడు, గొప్పగా. లోపల కూల్‌డ్రింక్ సీసాలు, ఎవరిదో టిఫిన్ డబ్బా, వెనకాల గోడకి ఆనించి ఇన్సులిన్ పెట్టెలు. థర్మామీటర్ లేదు. ఇన్సులిన్ 2 నుంచి 8 డిగ్రీల మధ్య ఉండాలి కదా, ఎంత ఉందో మీకెలా తెలుస్తుంది అని అడిగితే, "చల్లగుంటది మేడం, చెయ్యి పెట్టి చూడుండ్రి." మరి రాత్రిళ్ళు? నేను అనుమానంతో అడగలేదు, ఏదో అడగాలని అడిగాను. ఆ కుర్రాడు, పాపం పసివాడు, టక్కున చెప్పేశాడు: "రాత్రి మెయిన్ బంద్ చేసి పోతం అక్కా. పొద్దున వచ్చి వేస్తం."

ఓనరు వాడి వైపు చూసిన చూపు మీరు చూడాల్సింది.

షట్టర్ దించిన గది, పగలు 42 డిగ్రీలకి కాగిన గోడలు, రాత్రంతా ఆగిపోయిన ఫ్రిజ్. మళ్ళీ పొద్దున చల్లబడుతుంది, మళ్ళీ రాత్రి వేడెక్కుతుంది. ఎన్ని రాత్రులు అలా ఉడికి చల్లారిందో ఆ పెట్టె, మనకి మాత్రం ఎక్స్‌పైరీ డేట్ చూపించి అమ్ముతారు. ఫైర్ సేఫ్టీ కోసం మేడం, షార్ట్ సర్క్యూట్ అయితే మీరిస్తరా అన్నాడు. కరెంటు బిల్లు కోసం అని ఒప్పుకోవచ్చుగా, అంత మొహమాటం ఎందుకో.

నా పక్కన ఒక పెద్దాయన నిలబడి ఉన్నాడు. చేతిలో అప్పుడే కొన్న ఇన్సులిన్ పెట్టె. ఆయన ఏమీ అనలేదు. పెట్టె కౌంటర్ మీద పెట్టి, "పైసల్ వాపస్ ఇయ్యి" అన్నాడు. ఆయనకి వెంటనే ఇచ్చేశాడు! నాకు మాత్రం సీలు తీసిన మాలు వాపస్ తీసుకోరట. సీలు తియ్యకుండా మందు పనిచెయ్యట్లేదని ఎలా తెలుస్తుందో ఆ విద్య కూడా నేర్పించి ఉంటే బాగుండేది.

సిరంజిల సంగతి వేరే. ఇది చదవకుండా వెళ్ళొద్దు. ఆ కవర్లో పంపించిన సిరంజిలకి ఎర్ర మూతలు. మా అత్తగారివి ఎర్రవే, ఎందుకంటే ఆవిడ వయల్ ఎం.ఎల్.కి 40 యూనిట్లది. దొర గ్లార్జిన్ ఎం.ఎల్.కి 100 యూనిట్లది, దానికి నారింజ మూత సిరంజి ఉండాలి. ఇంట్లో రెండు రకాలూ ఉన్నాయి కాబట్టి మూత రంగు చూడగానే పక్కన పడేశాను. కొత్తగా మొదలుపెట్టినవాళ్ళైతే? ఎర్ర మూత సిరంజిలో 2 గీత దాకా 100 యూనిట్ల మందు తీస్తే లోపలికి పోయేది 5 యూనిట్లు, రెండున్నర రెట్లు. ఇది కూడా చెప్పాను ఆయనకి. "అన్నీ ఒకటే మేడం, మూత కలర్ ఒక్కటే వేరే." మందుల షాపు నడిపేవాడి నోట ఈ మాట!

బిల్లు కూడా తెల్ల కాగితం మీద మొత్తం వేసి ఇచ్చిందే, బ్యాచ్ నంబర్ లేదు. అట్టపెట్టె పారెయ్యలేదు కాబట్టి బతికిపోయాను, దాని మీద ఉంది. ఆ పెట్టె ఫోటో, వాట్సాప్ ఆర్డరు, రీడింగులు అన్నీ కలిపి రాష్ట్ర డ్రగ్స్ కంట్రోల్ వాళ్ళకి ఇవాళే ఫిర్యాదు రాస్తున్నాను. వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కి కూడా చేస్తాను. ఆరేడు వందలు వస్తాయని కాదు, ఆ కుర్రాడు చెప్పిన మాట ఎవరైనా వెళ్ళి చూడాలి.

మిగతావి గబగబా. ఇన్సులిన్ కొనేముందు షాపు ఫ్రిజ్ రాత్రి ఆన్‌లో ఉంటుందా అని మొహం మీదే అడగండి. ఇంటికి తెచ్చేటప్పుడు ఐస్ డబ్బాలో పెట్టండి కానీ ఐస్‌కి తగలకుండా గుడ్డ చుట్టండి, గడ్డకడితే అది కూడా పనికిరాదు. కొత్త కాట్రిడ్జ్ మొదలైన తేదీ రీడింగుల పక్కన రాసుకోండి, నాకు పనికొచ్చింది అదే. అంకెలు పెరిగితే డాక్టర్‌ని అడక్కుండా డోసు పెంచొద్దు, తిండి మానేసిన రోజు కూడా అడక్కుండా సూది వెయ్యొద్దు. తూలుతూ నడవడం, పిలిస్తే పలక్కపోవడం, ఫిట్స్ లాంటివి కనిపిస్తే చిగుళ్ళకి తేనెగానీ గ్లూకోజ్ నీళ్ళుగానీ రాసి వెంటనే ఆస్పత్రికి పరిగెత్తండి. నోట్లో పొయ్యొద్దు, ఊపిరితిత్తుల్లోకి పోతుంది.

నాచారం, తార్నాక వైపు రాత్రంతా ఫ్రిజ్ నడిపే మెడికల్ షాపు, మీరు కళ్ళతో చూసింది, ఎవరికైనా తెలిస్తే చెప్పండి. ప్రతిసారీ కోఠి పంపిస్తే మావారు ఊరుకునేలా లేరు.