హన్మకొండలో లీగ్ పాస్, పొద్దున్నే సెల్టిక్స్

చలికాలంలో అమెరికాలోని బోస్టన్‌లో రాత్రి ఏడింటి ఆటంటే మాకు హన్మకొండలో తెల్లారి ఐదున్నర. అమెరికా బాస్కెట్‌బాల్ లీగ్ ఎన్‌బీఏ ఆటలు ఆన్‌లైన్‌లో చూపించే లీగ్ పాస్ తీసుకుంటే ముందు నిద్ర వదులుకోవాలి. రేపు బోస్టన్ జట్టు సెల్టిక్స్‌కు, ఇండియానా జట్టు పేసర్స్‌కు మ్యాచ్. సెల్టిక్స్ ఆటగాడు టేటమ్‌కు 2025 మే 12న, పేసర్స్ ఆటగాడు హాలిబర్టన్‌కు జూన్ 22న ఫైనల్స్ ఏడో ఆటలో, ఇద్దరికీ కుడికాలి మడమ వెనకుండే అకిలిస్ స్నాయువే తెగింది. హాలిబర్టన్ 2025-26 సీజనంతా ఆడడు. పేసర్స్ నుంచి టర్నర్ కూడా మిల్వాకీ జట్టుకు వెళ్లిపోయాడు, ఇక వాళ్ల బరువంతా సియాకమ్ మీదే. జేలన్ బ్రౌన్, ప్రిచార్డ్ ఉన్న బోస్టనే గెలుస్తుందని నా లెక్క. మా తమ్ముడు ఒప్పుకోడు, వాడు పేసర్స్ ఆటగాడు మెక్‌కానెల్ భక్తుడు.

లీగ్ పాస్‌లో నాకు బాగా నచ్చింది స్కోర్లు దాచే సౌకర్యం. కాజీపేటలో పొద్దున డ్యూటీ ఉన్న రోజు, ఫలితం తెలియకుండా సాయంత్రం పూర్తి ఆట చూస్తా. కుదించిన వీడియో కూడా ఉంటుంది గానీ, అందులో డిఫెన్స్ సరిగా కనపడదు. మా ఇంటి నెట్ మాత్రం నాలుగో క్వార్టర్‌లోనే మొరాయిస్తుంది, అది యాప్ తప్పు కాదు.

అలారం పెట్టే ముందు గాయాల రిపోర్ట్ చూడండి. మామూలుగా జట్లు ముందురోజు అక్కడి సాయంత్రం ఐదుకల్లా ఇస్తాయి. ‘క్వశ్చనబుల్’, అంటే ఆడతాడో లేదో తెలియదు అని ఉంటేనే అసలు టెన్షన్.