పాత జీఐ డ్రైనేజీ పైపుకు రబ్బరు కప్లింగ్: మూడేళ్ళు వాడాక

వంటింటి సింకును గోడ వెంబడి 80 సెంటీమీటర్లు పక్కకు జరిపినప్పుడు అసలు చిక్కు సింకుతో రాలేదు. గోడలోంచి జానెడు పొడుచుకు వచ్చిన పాత పైపుతో వచ్చింది. గోడ పగలగొట్టి లైను మొత్తం మార్చడానికి అప్పట్లో వీలు పడలేదు. అందుకని ఆ పాత పైపు కొనకు రబ్బరు కప్లింగ్ తొడిగి, అక్కడినుంచి సింకు దాకా పీవీసీ పైపు పొడిగించాను. ఆరు నెలలు నడిస్తే చాలనుకున్నది మూడేళ్ళు నడిచింది.

తెలియనివారి కోసం: రబ్బరు కప్లింగ్ అంటే మందపాటి రబ్బరు తొడుగు, దాని రెండు చివరలా స్క్రూతో బిగించే స్టీలు పట్టీలు. అంతే. వస్తువు మంచిదని ముందే చెబుతున్నాను. అయితే పాత పైపు ఏమిటో, ఎంతో తెలుసుకోకుండా దీన్ని కొంటే డబ్బు నీళ్ళపాలే. నేను కొన్న మొదటి కప్లింగ్ అలాగే పోయింది.

పైపు మీద ఎన్ని పొరల రంగు ఉందో లెక్కలేదు. బూడిద రంగు చూసి సీసం గొట్టమేమోనని భయపడ్డాను. పాత రంగులోనూ సీసం ఉండే అవకాశం ఉంది కాబట్టి పొడిగా రుద్దకుండా, నీళ్ళతో తడిపి, మాస్కు పెట్టుకుని గీకాను. తర్వాత అయస్కాంతం దగ్గరకు తీసుకువెళితే ఠక్కున అతుక్కుంది. ఆ ఒక్క చప్పుడుతో సీసం, రాగి, పీవీసీ మూడూ లెక్కలోంచి తప్పుకున్నాయి. సీసమే అయితే అయస్కాంతం పట్టదు, నాణెంతో గీస్తే మెత్తగా గీత పడి వెండిలా మెరుస్తుంది.

ఇక మిగిలినవి పోత ఇనుము, జీఐ (జింకు పూత వేసిన ఇనుము). పోత ఇనుప గొట్టం గోడ మందంగా, పైతలం గరుకుగా ఉంటుంది. అతుకుల దగ్గర ఒక గొట్టం మూతి గిన్నెలా వెడల్పై, రెండోదాన్ని తనలోకి తీసుకుంటుంది. నా పైపు అంచు మందం 3 మిల్లీమీటర్ల పైచిలుకు మాత్రమే. పైగా రంగు ఊడిన చోట కొనన సన్నని మరలు బయటపడ్డాయి. జీఐ అని తేలిపోయింది. మరలు బాగుంటే దానికి మరలున్న అడాప్టరే సరైన దారి, రబ్బరు జోలికి పోనక్కరలేదు. నావి సగం తుప్పు తినేసినవి.

కొలత దగ్గర నేను చేసిన పొరపాటు చాలామంది చేసేదే. రంగు గీకకముందే పైపు చుట్టూ దారం చుట్టి కొలిచాను. 158 మిల్లీమీటర్లు వచ్చింది. 3.14తో భాగిస్తే 50 చిల్లర. రెండంగుళాల పైపు అనుకుని ఆ పేరున్న కప్లింగ్ తెచ్చాను. కానీ ఇనుప పైపుల పేరు వేరు, బయటి కొలత వేరు. రెండంగుళాల జీఐ పైపు బయటి వ్యాసం 60.3 మిల్లీమీటర్లు. ఒకటిన్నర అంగుళాల దానిది 48.3. తెచ్చిన తొడుగు వదులుగా కూర్చుంది. పట్టీ బిగించేకొద్దీ రబ్బరు అడుగున ఒక మడత పడింది. ఆ మడతలోంచి నీటి చుక్క నెమ్మదిగా ఊరి, కాసేపు వేలాడి రాలేది. ఎంత బిగించినా ఆగలేదు. రంగంతా తీశాక మళ్ళీ దారం చుడితే 152 వచ్చింది. అంటే 48.4. అప్పుడు గాని అది ఒకటిన్నర అంగుళాల పైపని తెలియలేదు.

రెండోసారి తెచ్చిన కప్లింగ్‌కు చుట్టూ పలుచని స్టీలు కవచం కూడా ఉంది. దీన్నే ఎంచుకోమని గట్టిగా చెబుతాను. ఉత్త రబ్బరు తొడుగు పైపు బరువుకు కుంగుతుంది, అతుకు దగ్గర రెండు పైపులూ ఎగుడుదిగుడవుతాయి. కవచం దాన్ని ఆపుతుంది. బిగించే ముందు మరలున్న భాగాన్ని రంపంతో కోసేశాను. మరల మీద రబ్బరు బిగిస్తే నీరు ఆ గాడుల వెంట చుట్టూ తిరిగి బయటకు వచ్చేస్తుంది. కోసిన అంచును ఆకురాయితో నున్నగా చేశాను. తొడుగు ఎక్కకపోతే సబ్బు నీళ్ళు రాయాలి, నూనె వద్దు. చాలా రకాల రబ్బరు నూనెకు ఉబ్బి మెత్తబడుతుంది. వాటం (నీరు దిగడానికి పైపుకు ఇచ్చే వాలు) మీటరుకు 2 సెంటీమీటర్ల లెక్కన, మొత్తం మీద 1.6 సెంటీమీటర్లు ఇచ్చి రసమట్టంతో సరిచూశాను. పీవీసీ పైపును గోడకు క్లాంపులతో రెండు చోట్ల పట్టి ఉంచాను. పైపు బరువు మోయడం కప్లింగ్ పని కాదు.

మొదటి వారం రోజూ అతుకు కింద కాగితం పరిచి చూశాను, ఒక్క మరకా పడలేదు. నెల తర్వాత స్క్రూలు పావు చుట్టు లోపలికి తిరిగాయి. రబ్బరు సర్దుకుందన్నమాట. ఆ తర్వాత రెండేళ్ళు చెమ్మ కూడా కనబడలేదు. రెండో ఏడాది చివర మాత్రం ఒక స్క్రూ తలకు తుప్పు పట్టింది. పట్టీ స్టెయిన్‌లెస్ స్టీలే, స్క్రూ మాత్రం మామూలు ఇనుముకు పూత వేసినది. అయస్కాంతం పెడితే పట్టీకి పట్టలేదు, స్క్రూకు పట్టింది. స్క్రూ కూడా స్టెయిన్‌లెస్ అయిన పట్టీలు తెచ్చి రెండూ మార్చాను. తేమ ఉండే చోట వాడే వస్తువులో ఇలాంటి పొదుపు నాకు అసలు నచ్చలేదు.

మూడో ఏడాది నీరు నెమ్మదిగా దిగడం మొదలైతే విప్పి చూశాను. రబ్బరు చెక్కుచెదరలేదు, లోపల పైపు అంచుల గుర్తులు మాత్రం పడ్డాయి. తప్పు నాది. నేను పెట్టింది 50 మిల్లీమీటర్ల పీవీసీ. నీరు వెడల్పు పైపులోంచి ఇరుకు జీఐలోకి దిగుతోంది. ఆ మెట్టు దగ్గర జిడ్డు వేలెడు మందాన గడ్డకట్టింది. మురుగు లైను నీరు పోయే దిశలో ఎప్పుడూ ఇరుకు కాకూడదు. జిడ్డు గీకేసి, 40 మిల్లీమీటర్ల పీవీసీకి సరిపడే కప్లింగ్‌తో మళ్ళీ అమర్చాను. ఇప్పుడు సింకు నిండుగా ఉన్నా ఆగకుండా దిగుతోంది.

వాడకంలో ఒక జాగ్రత్త: మరిగే నీళ్ళు నేరుగా సింకులో పోయవద్దు. రబ్బరు ఓర్చుకున్నా, పీవీసీ 60 డిగ్రీలు దాటితే మెత్తబడుతూ కుంగుతుంది. గోడలోనో నేల కిందో కప్పేసే చోట ఈ అతుకు పెట్టవద్దు, చేయి అందే చోటే ఉండాలి. పాత గొట్టం సిమెంటులా బూడిద రంగులో ఉండి అయస్కాంతం పట్టకపోతే అది ఆస్‌బెస్టాస్ కావచ్చు. దాన్ని కోయకండి, రుద్దకండి, తెలిసినవారిని పిలవండి.

వచ్చే నెల గోడ పగలగొట్టే పని మొదలవుతుంది. పాత జీఐ ముక్కతో పాటు కప్లింగ్ కూడా తీసేయమని ప్లంబరుకు చెప్పాను. అప్పటిదాకా ప్రతి ఆదివారం అతుకు కింద వేలు పెట్టి చూస్తూనే ఉంటాను.