అట్ట మీద పేరు లేని రచయిత: ఇరవై ఏళ్లుగా అలన్ డీన్ ఫోస్టర్‌ను చదువుతున్నాను

మాది పర్లాకిమిడి. బరంపురంలో డిగ్రీ చదివే రోజుల్లో పాత పుస్తకాల బండి మీద పదిహేను రూపాయలకు స్టార్ వార్స్ నవల కొన్నాను. అట్ట మీద ఆ సినిమా తీసిన జార్జ్ లూకస్ పేరుంది. అప్పటికి సినిమా చూడలేదు. బస్సులో మొదలుపెడితే ఇల్లు చేరేసరికి సగం అయిపోయింది. దాన్ని రాసింది లూకస్ కాదనీ, ఫోస్టర్ అనే మరో రచయిత అనీ చాలా ఏళ్ల తర్వాత తెలిసింది. అప్పట్నుంచి ఆయన పుస్తకం ఎక్కడ కనబడినా కొంటున్నాను. ఇప్పుడు ఇంట్లో పద్నాలుగున్నాయి.

సినిమా కథను నవలగా రాయడం మనకు కొత్త కాదు. ముళ్ళపూడి వెంకటరమణ గారు కూడా వెండితెర నవలలు రాశారు. అయితే ఫోస్టర్ స్టార్ వార్స్ నవల 1976 చివర్లో వచ్చింది, సినిమా 1977 మేలో. స్క్రిప్టు పట్టుకుని, తెర మీద బొమ్మ పడకముందే ఆ లోకాన్ని ఊహించుకుని రాయాలి.

ఆయన పనితనం ఏలియన్ సినిమాకు రాసిన నవలలో చూడాలి. మొన్న సెలవులకొచ్చిన మా అన్నయ్య కొడుకు సగం చదివి, "చిన్నాన్నా, ఆ జంతువు ఎలా ఉంటుందో సరిగ్గా చెప్పడేంటి?" అన్నాడు. స్టూడియో వాళ్లు దాని రూపం ఆయనకు చూపించలేదు మరి. అందుకే దాన్ని మసకగానే వదిలేసి, అంతరిక్ష ఓడలోని మనుషుల భయాన్ని రాశాడు. వాళ్ల ఊపిరి, అలసట, ఒకరి మీద ఒకరికి అనుమానం. మావాడు ఆ రాత్రి వరండా లైటు ఆర్పనివ్వలేదు.

1978లో వచ్చిన స్ప్లింటర్ ఆఫ్ ది మైండ్స్ ఐ నాకు మరీ ఇష్టం. తక్కువ ఖర్చులో స్టార్ వార్స్ రెండో సినిమా తీయాల్సి వస్తే పనికొచ్చేలా రాయించుకున్న కథ అది. కాబట్టి పెద్ద సెట్లు అక్కర్లేకుండా చాలావరకు పొగమంచు కమ్మిన గ్రహం మీదే నడుస్తుంది. ఆ ఇబ్బందినే ఆయన అందంగా మార్చుకున్నాడు. చలికాలంలో మహేంద్రగిరి ఎక్కుతుంటే పదడుగుల ముందు మనిషి కనపడడు. అప్పుడల్లా నాకు ఆ పేజీలే గుర్తొస్తాయి.

అన్నీ ఇలాగే ఉండవు. 2015లో మళ్లీ స్టార్ వార్స్‌కు రాసిన నవల చప్పగా అనిపించింది, స్క్రిప్టు దాటి రాలేదు. సొంత కథల్లో, గిటారు లాంటి వాద్యం వాయిస్తూ పాడితే మంత్రాలు పారే స్పెల్‌సింగర్ హాయిగా చదివిస్తుంది. కొత్తవాళ్లు ఏలియన్‌తో మొదలుపెట్టండి.

పాత పుస్తకాలకు రాయల్టీ రావడం లేదని 2020లో ఆయన బయటికొచ్చి చెప్పుకోవాల్సి వచ్చింది. చదివి మనసు చివుక్కుమంది. ఆ రోజే పదిహేను రూపాయల పుస్తకం తీసి, లోపలి పేజీలో లూకస్ పేరు కింద బాల్‌పెన్నుతో అలన్ డీన్ ఫోస్టర్ అని రాశాను.