చందానగర్‌లో ఆరేళ్ళు: పిల్లలతో అద్దెకున్న అనుభవం

2018 మేలో రాజమండ్రి నుంచి హైదరాబాద్ వచ్చాం. అప్పటికి పాపకు నాలుగేళ్ళు, బాబుకు పది నెలలు. మా ఆయన ఆఫీసు ఫైనాన్షియల్ డిస్ట్రిక్ట్‌లో. ఆఫీసుకు దగ్గరగా ఉండాలన్న ఒక్క లెక్కతో కొండాపూర్‌లో డబుల్ బెడ్‌రూమ్ తీసుకున్నాం, నెలకు 22 వేలు. పదకొండు నెలల అగ్రిమెంట్ అయిపోగానే ఖాళీ చేసి చందానగర్ వచ్చేశాం. 2019 నుంచి ఇదే ఇల్లు. చుట్టాల్లో, తెలిసినవాళ్ళలో ఎవరు పిల్లలతో హైదరాబాద్ వస్తున్నా "ఏ ఏరియా బాగుంటుంది?" అని నన్నే అడుగుతున్నారు. అందుకే మంచీ చెడూ ఉన్నదున్నట్టు రాస్తున్నాను.

ముందు కొండాపూర్ గురించి. ఆ ఏరియా చెడ్డదని నేను అనను. పెళ్ళికాని వాళ్ళకి, పిల్లలు లేని జంటలకి చాలా సౌకర్యం. కానీ మా సందులో సగం పీజీ హాస్టళ్ళే. కింద సెల్లార్ నిండా కార్లు, పైన టెర్రస్‌కి తాళం. పిల్లలు ఆడుకోవడానికి అడుగు జాగా లేదు. పాప ప్లేస్కూలు ఒకటిన్నర కిలోమీటరే, కానీ మధ్యలో కొత్తగూడ జంక్షన్. ఇప్పుడున్న ఫ్లైఓవర్ 2023లో వచ్చింది, అప్పుడు లేదు. ఆటోలో బాబును ఒళ్ళో పెట్టుకుని, పాప చెయ్యి పట్టుకుని రోజూ అరగంట పోను, అరగంట రాను. మా ఆయన పావుగంటలో ఆఫీసుకి చేరేవారు. ఆయన మిగుల్చుకున్న టైమంతా నేనూ పిల్లలూ రోడ్డు మీద ఖర్చు పెడుతున్నామని అర్థం కావడానికి నాకు ఆరు నెలలు పట్టింది.

చందానగర్ దగ్గర్లోనే బీహెచ్ఈఎల్ టౌన్‌షిప్‌లో ఉండే మా వదిన అప్పుడు చెప్పింది: "ముందు స్కూలు తేల్చుకోండి, ఇల్లు ఆ తర్వాత." అలాగే చేశాం. హైదరాబాద్‌లో చాలా స్కూళ్ళు దసరా అయ్యాక వచ్చే ఏడాది అడ్మిషన్లు మొదలుపెడతాయి. నవంబర్‌లో చందానగర్‌లో స్కూలు చూసుకుని సీటు ఖాయం చేసుకున్నాం. ఏప్రిల్‌లో ఆ స్కూలు చుట్టూ సందుసందూ తిరిగి టూలెట్ బోర్డులు చూశాం. సెలవుల్లో ఇళ్ళు మారేవాళ్ళు ఎక్కువ కాబట్టి ఏప్రిల్, మే నెలల్లో దొరికినన్ని ఇళ్ళు మిగతా ఏడాదిలో దొరకవు. బ్రోకర్‌కి ఒక నెల అద్దె ఇవ్వాల్సిన పని కూడా లేకపోయింది.

నచ్చిన ఇంటిని మూడుసార్లు చూశాం. ఒకసారి పొద్దున్న ఎనిమిదింటికి, స్కూలు బస్సులు తిరిగే టైములో. ఒకసారి రాత్రి ఏడింటికి. ఇంకోసారి గట్టి వాన పడ్డ మర్నాడు. ఓనర్‌ని అడగాల్సినవి ఓనర్‌ని అడిగాం గానీ, అసలు సంగతులు చెప్పింది వాచ్‌మన్ భార్య. కుళాయిలో మంజీరా నీళ్ళు రోజు విడిచి రోజు వస్తాయని, బోరు ఏప్రిల్ దాకా పనిచేస్తుందని, తర్వాత ట్యాంకర్లేనని ఆవిడే చెప్పింది. చంటిపిల్లలున్న ఇంట్లో నీళ్ళు ఎన్ని కావాలో ఆవిడకి తెలుసు. ఆవిడకీ ఇద్దరు పిల్లలు.

ఆవిడ మాట పొల్లు పోలేదు. 2024 వేసవి మాత్రం ఎవరూ అనుకోనంత కష్టంగా గడిచింది. మార్చిలోనే బోరు ఎండిపోయింది. ఇరవై ఫ్లాట్లకి రోజుకి రెండు ట్యాంకర్లు, ఫోన్ చేస్తే మర్నాటికి వచ్చేవి. రెండు వేలున్న మెయింటెనెన్స్ ఆ మూడు నెలలు 3,500 అయింది. అద్దె ఎంతని అడిగేటప్పుడే "పోయిన వేసవిలో నెలకి మెయింటెనెన్స్ ఎంత కట్టారు?" అని అడగండి. దానికి సరైన జవాబు రాకపోతే ఆ ఇల్లు వదిలేయడమే మంచిది.

ఇక్కడ నాకు బాగా నచ్చింది మనుషులు. ఇది పాత కాలనీల ఊరు. బీహెచ్ఈఎల్‌లో పనిచేసి రిటైరై, ఇక్కడే ఇల్లు కట్టుకున్న పెద్దవాళ్ళు మా వీధిలోనే నలుగురైదుగురు ఉన్నారు. సాయంత్రం గేట్ల దగ్గర కుర్చీలు వేసుకుని కూర్చుంటారు. వాళ్ళ కళ్ళ ముందే మా పిల్లలు సైకిల్ నేర్చుకున్నారు. ఎదురింటి మామ్మగారు మా బాబుకి ఒకటి నుంచి వంద దాకా నేర్పారు. ఏ గేటెడ్ కమ్యూనిటీ బ్రోచర్‌లోనూ ఇలాంటివి ఉండవు. కొండాపూర్‌లో పదకొండు నెలలున్నా పక్క ఫ్లాట్ వాళ్ళ పేరు నాకు తెలియలేదు.

రెండోది రైలు. మా వైపు నుంచి వచ్చేవాళ్ళకి ఇది పెద్ద వరం. కాకినాడ నుంచి వచ్చే గౌతమి, విశాఖ నుంచి వచ్చే జన్మభూమి మా పక్క స్టేషన్ లింగంపల్లి దాకా వస్తాయి. అత్తయ్యగారు, మామయ్యగారు రాజమండ్రిలో రాత్రి గౌతమి ఎక్కి పడుకుంటే పొద్దున్న లింగంపల్లిలో దిగి, పదిహేను నిమిషాల్లో ఇంట్లో ఉంటారు. సికింద్రాబాద్‌లో సామాన్లతో దిగి క్యాబ్‌వాళ్ళతో బేరమాడే పని లేదు. దీనివల్ల మూడు నెలలకోసారి వస్తున్నారు, వచ్చినప్పుడల్లా పది రోజులుంటున్నారు. పిల్లలు చిన్నగా ఉన్నప్పుడు ఆ పది రోజుల విలువ ఎంతో తల్లులకి తెలుసు.

ఎంఎంటీఎస్, అంటే ఊళ్ళో తిరిగే లోకల్ రైళ్ళ గురించి ఎక్కువ ఆశ పెట్టుకోకండి. చందానగర్‌లో ఎక్కితే హఫీజ్‌పేట తర్వాత హైటెక్ సిటీ స్టేషనే. ఛార్జీ కూడా చాలా తక్కువ. కానీ రైళ్ళ మధ్య ఎడం ఎక్కువ, ఒకటి తప్పితే చాలాసేపు ఆగాలి. మెట్రో కావాలంటే మియాపూర్ వెళ్ళాలి. మా ఆయన ఆఫీసుకి ఈ రెండూ పనికిరావు. పద్నాలుగు కిలోమీటర్లు బండి మీదే. మామూలు రోజు యాభై నిమిషాలు, వాన పడితే గంటన్నర. లింగంపల్లి రైల్వే అండర్‌బ్రిడ్జ్ కింద నీళ్ళు నిలిచాయంటే ఇక అంతే. ఇక్కడ ఇల్లు చూసేవాళ్ళు తమ దారిలో ఆ అండర్‌బ్రిడ్జ్ వస్తుందో లేదో ముందే చూసుకోవాలి. ఆయన ఈ కష్టం తెలిసే ఒప్పుకున్నారు. ఆ సంగతి నేను మర్చిపోను.

ఇక నన్ను భయపెట్టేది ముంబై హైవే. పుణె నుంచి మచిలీపట్నం దాకా పోయే 65వ నంబర్ జాతీయ రహదారి చందానగర్ మధ్యలోంచే పోతుంది. మార్కెట్, స్కూళ్ళు, క్లినిక్‌లు రెండు వైపులా ఉంటాయి. ఫుట్‌పాత్ ఉన్న చోట బండ్లు, లేని చోట గుంతలు. పిల్లల చెయ్యి పట్టుకుని ఆ రోడ్డు దాటడం ఇప్పటికీ నాకు టెన్షనే. అందుకే ఒకటి గట్టిగా చెప్తాను. స్కూలు, పిల్లల డాక్టర్, ఇల్లు, ఈ మూడూ హైవేకి ఒకే వైపు ఉండేలా చూసుకోండి. మాకు డాక్టర్ అవతలి వైపు పడ్డారు. 2019 సెప్టెంబర్‌లో బాబుకి డెంగీ వచ్చినప్పుడు రోజూ ప్లేట్‌లెట్ల పరీక్షకి ఆ రోడ్డు దాటి వెళ్ళాం. దోమలు ఇక్కడ ఎక్కువే. చెరువు పక్కనున్న సందుల్లో మరీ ఎక్కువ. గాలి బాగా వస్తుందని చెరువు వైపు ఇల్లు తీసుకోవద్దు. తీసుకుంటే కిటికీలన్నిటికీ మెష్ ఉందో లేదో చూడండి.

బాల్కనీ గ్రిల్ సందులు కూడా చూడాలి. మా గ్రిల్ సందులోంచి ఏడాదిన్నర పిల్లవాడి తల పట్టేస్తుంది. మేం చెప్పగానే ఓనర్ నెట్ కట్టించారు. అడ్వాన్స్ ఇచ్చాక అడిగితే ఆ పని అయ్యేది కాదేమో. అడ్వాన్స్ ఇక్కడ మామూలుగా రెండు నెలలది. వెళ్ళేటప్పుడు పెయింటింగ్‌కి ఎంత పట్టుకుంటారో అగ్రిమెంట్‌లోనే రాయించుకోండి. కొండాపూర్ ఇంటి ఓనర్ గోడల మీద పాప గీసిన క్రేయాన్ గీతలు చూపించి ఒక నెల అద్దె మొత్తం ఉంచుకున్నారు. ఈసారి దిగిన రోజే గోడలన్నీ ఫోటోలు తీసి ఓనర్‌కి వాట్సాప్ చేశాను.

13 వేలతో దిగిన ఇంటికి ఇప్పుడు 20 వేలు కడుతున్నాం. పాప పెద్ద క్లాసుల్లోకి వచ్చింది. స్కూలుకి బాబుని వెంటబెట్టుకుని నడిచే వెళ్తుంది, ఏడు నిమిషాలు. ఆఫీసు దగ్గరికి మారదామా అని మొన్న నేనే మా ఆయన్ని అడిగాను. వచ్చే మేలో ఓనర్ 22 అంటున్నారట, సరేనని చెప్పేశానన్నారు.