ఎల్ఈడీ ఎఫెక్టులకు ఏది మేలు: ట్రాన్సిస్టర్లా, 555-4017 జోడీనా, మైక్రోకంట్రోలరా?

ఎల్ఈడీలతో ఏదైనా చేద్దామనుకునేవాళ్లు ముందుగా అడిగేది "ఏ ఐసీ (చిప్) తీసుకోవాలి?" అని. వెలుగు ఎలా కదలాలో తేల్చుకుంటే ఆ ప్రశ్న సగం తీరిపోతుంది.

రెండు ఎల్ఈడీలు ఒకటి వెలిగితే ఇంకోటి ఆరాలి, అంతేనా? రెండు బీసీ547 ట్రాన్సిస్టర్లు చాలు. బేస్ రెసిస్టర్లు 47 కిలోఓమ్‌లు, కెపాసిటర్లు 10 మైక్రోఫారడ్‌లు పెడితే ఒక్కో వైపు సుమారు మూడో వంతు సెకను వెలుగుతుంది. సప్లై 5 వోల్టులు ఉంటే సరిపోతుంది. మూడో ఎల్ఈడీని కూడా వరుసలో కలుపుదామంటే మాత్రం ఈ సర్క్యూట్ ఒప్పుకోదు.

వెలుగు వరుసగా పరుగెత్తాలంటే నా ఓటు 555-4017 జోడీకే. 1972లో మార్కెట్లోకి వచ్చిన 555 టైమర్ ఐసీ లయగా పల్సులు కొడుతుంటే, పది అవుట్‌పుట్‌లున్న 4017 కౌంటర్ ఐసీ ఒక్కో పల్సుకు ఒక్కో అవుట్‌పుట్‌ను ఆన్ చేస్తుంది. 10 కిలోఓమ్‌ల రెసిస్టర్, 100 కిలోఓమ్‌ల పాట్ (తిప్పి విలువ మార్చే రెసిస్టర్), 1 మైక్రోఫారడ్ కెపాసిటర్ పెడితే, పాట్ పూర్తి విలువలో ఉన్నప్పుడు సెకనుకు 7 అడుగులు పడతాయి. పాట్ విలువ తగ్గించేకొద్దీ పరుగు పెరుగుతుంది. ఆ మార్పు వేలి కొసన తెలియడమే దీని అందం. ఒకసారికి ఒక్క ఎల్ఈడీయే వెలుగుతుంది కాబట్టి పదింటికీ కలిపి ఒకే రెసిస్టర్ సరిపోతుంది. 9 వోల్టుల సప్లైకి 1 కిలోఓమ్ పెట్టండి. ఆరు ఎల్ఈడీలే చాలనుకుంటే 4017లో 5వ పిన్‌ను (ఏడో అవుట్‌పుట్) 15వ పిన్‌కు (రీసెట్) కలపండి, ఆరో అడుగు తర్వాత లెక్క మళ్లీ మొదటికొస్తుంది.

నేను మొదటిసారి కట్టినప్పుడు 4017లో లెక్కను ఆపే 13వ పిన్‌ను దేనికీ కలపకుండా గాలిలో వదిలేశాను. చెయ్యి దగ్గరికి తెస్తే వరుస ఆగేది, తీస్తే నడిచేది. ఐసీ పోయిందనుకుని రెండోది పెట్టినా అదే వరస. 13ను గ్రౌండ్‌కు (సప్లై నెగటివ్‌కు) కలిపాక కుదుటపడింది. పది ఎల్ఈడీలూ వాడుతుంటే 15ను కూడా గ్రౌండ్ చేయాలి. 555 సప్లై పిన్ల దగ్గరే 100 నానోఫారడ్ కెపాసిటర్ కూడా మరవొద్దు, లేకపోతే 4017 ఒక్కోసారి రెండడుగులు దూకుతుంది.

వెలుగు మెల్లగా నిండి మెల్లగా ఆరాలన్నా, రంగులు మారాలన్నా ఈ జోడీతో తంటాలు పడొద్దు. అట్టైనీ85 లాంటి ఎనిమిది పిన్ల మైక్రోకంట్రోలర్ (ప్రోగ్రాం రాసి నడిపే చిప్) పీడబ్ల్యూఎంతో, అంటే ఎల్ఈడీని చాలా వేగంగా వెలిగించి ఆర్పుతూ వెలుగు తగ్గించే పద్ధతితో, ఆ పని చక్కగా చేస్తుంది. ప్రోగ్రాం రాయడం నేర్చుకోవాలి, దాన్ని చిప్‌లోకి ఎక్కించే సాధనం ఉండాలి. ప్రతి ఎల్ఈడీలోనూ సొంత చిప్ ఉండే డబ్ల్యూఎస్2812 రంగుల పట్టీ అయితే ఒకే డేటా తీగతో ప్రతి ఎల్ఈడీకీ వేరే రంగు ఇవ్వొచ్చు. కానీ పూర్తి తెలుపులో ఒక్కోటి 60 మిల్లీఆంపియర్ల దాకా లాగుతుంది. 30 ఉంటే 1.8 ఆంపియర్లు, కాబట్టి పట్టీకి పవర్ నేరుగా సప్లై నుంచే ఇవ్వండి, మైక్రోకంట్రోలర్ పిన్ నుంచి డేటా తీగ ఒక్కటే తీయండి. రెండింటి గ్రౌండ్లూ మాత్రం కలిసే ఉండాలి.