ఎక్స్‌వీ6 సమీక్ష: కెర్నల్‌ని లైను లైనుగా చదవాలనుకునేవాళ్లకు

ఆపరేటింగ్ సిస్టమ్స్ చదివినవాళ్లలో చాలామందికి ప్రాసెస్, పేజింగ్, సెమఫోర్ నిర్వచనాలు నోటికి వస్తాయి. సిస్టమ్ కాల్ (ప్రోగ్రామ్ ఆపరేటింగ్ సిస్టమ్‌ని పని అడిగే పిలుపు) పిలిచాక కెర్నల్‌లో, అంటే ఆపరేటింగ్ సిస్టమ్ మూల భాగంలో, ఏ ఫైల్లో ఏ లైను నడుస్తుందని అడిగితే మాత్రం ఆగిపోతారు. నాకు ఆ లోటు తీర్చింది ఎక్స్‌వీ6. కొన్నేళ్లుగా దాన్ని చదువుతున్నాను, మారుస్తున్నాను, నేర్చుకునేవాళ్లకు చూపిస్తున్నాను. అందుకే కాస్త వివరంగా రాస్తున్నాను.

ఇది 2006లో ఎంఐటీలో పాఠం చెప్పడానికి రాసిన చిన్న ఆపరేటింగ్ సిస్టమ్. కెన్ థాంప్సన్, డెనిస్ రిచీల యునిక్స్ ఆరో ఎడిషన్ (1975) దీనికి నమూనా. మొదట ఎక్స్86 ప్రాసెసర్ల మీద నడిచేది, ఇప్పుడు రిస్క్-ఫైవ్ ప్రాసెసర్ల మీద నడుస్తోంది. దానికోసం బోర్డు కొనక్కర్లేదు, కంప్యూటర్‌ని సాఫ్ట్‌వేర్‌తోనే అనుకరించే క్యూఎము ఎమ్యులేటర్ చాలు. సోర్స్ కోడ్ ఉచితం. కెర్నల్ అంతా కలిపి పదివేల లైన్లకు లోపే. లైనక్స్ కెర్నల్ రెండు కోట్ల లైన్లు ఎప్పుడో దాటింది. దాన్ని ఒక మనిషి మొత్తం చదవడం జరిగే పని కాదు. దీన్ని చదవొచ్చు, అదే దీని అసలు బలం.

నడుస్తున్న ప్రోగ్రామ్‌కి, అంటే ప్రాసెస్‌కి, నకలు తయారుచేసే ఫోర్క్ సిస్టమ్ కాల్‌నే తీసుకోండి. ఒకసారి పిలిస్తే రెండుసార్లు తిరిగొస్తుందని, పేరెంట్‌కి (అసలు ప్రాసెస్‌కి) చైల్డ్ పీఐడీ (ప్రాసెస్ నంబరు), చైల్డ్‌కి (నకలుకి) సున్నా వస్తాయని అందరూ చెబుతారు. ఎలా వస్తాయో కోడ్‌లో చూడాలి. యూజర్ ప్రోగ్రామ్ ఈకాల్ ఇన్‌స్ట్రక్షన్‌తో కెర్నల్‌లోకి రాగానే దాని రిజిస్టర్లన్నీ (ప్రాసెసర్‌లోని చిన్న నిల్వ గళ్లు) ట్రాప్‌ఫ్రేమ్ అనే పేజీలో భద్రమవుతాయి. ఫోర్క్ ఆ ట్రాప్‌ఫ్రేమ్‌ని యథాతథంగా చైల్డ్‌కి కాపీ చేస్తుంది. తర్వాత ఒకే ఒక్క లైను: చైల్డ్ ట్రాప్‌ఫ్రేమ్‌లోని ఏ0 రిజిస్టర్ స్థానంలో సున్నా పెడుతుంది. రిటర్న్ విలువ ఉండేది ఏ0లోనే కాబట్టి, చైల్డ్‌కి ప్రాసెసర్ దొరికి రిజిస్టర్లు తిరిగి లోడ్ కాగానే అది సున్నాతో బయటికొస్తుంది. రెండుసార్లు తిరిగి రావడం అంటే ఇంతే.

అంతకుముందే ఇంకో చిన్న లైను ఉంది. ఏ ఇన్‌స్ట్రక్షన్ దగ్గర ఉన్నామో చెప్పే ప్రోగ్రామ్ కౌంటర్ సేవ్ చేసిన విలువకి 4 కలుపుతారు, ఎందుకంటే ఈకాల్ ఇన్‌స్ట్రక్షన్ పొడవు 4 బైట్లు. ఆ లైను తీసేసి బూట్ చేయండి. తిరిగొచ్చిన ప్రతిసారీ అదే ఈకాల్ మళ్లీ నడుస్తుంది, షెల్ ప్రాంప్ట్ ఎప్పటికీ రాదు. నేర్చుకునేవాళ్ల చేత నేను మొట్టమొదట చేయించేది ఇదే. ఒక్క లైను పోతే సిస్టమ్ మొత్తం ఎందుకు నిలిచిపోయిందో చెప్పగలిగితే, యూజర్ మోడ్‌కీ కెర్నల్ మోడ్‌కీ మధ్య ఏం జరుగుతుందో వాళ్లకు వచ్చేసినట్టే.

మెమరీ భాగం తేలిక. పేజీ, అంటే మెమరీ ముక్క, 4096 బైట్లు; ప్రోగ్రామ్ వాడే చిరునామాని అసలు మెమరీకి కలిపే పేజ్ టేబుల్ మూడు అంచెలు, అంచెకు 512 ఎంట్రీలు. ఖాళీ పేజీలు ఒక లింక్డ్ లిస్ట్. నాకు బాగా నచ్చిన సంగతి ఒకటుంది. పేజీని వదిలేసేటప్పుడు దాన్నంతా 1లతో, కొత్తగా ఇచ్చేటప్పుడు 5లతో నింపుతారు. వదిలేసిన మెమరీని ఎవరైనా ఇంకా వాడుతుంటే పాత డేటాతో పని జరిగినట్టు కనిపించదు, వెంటనే తేడా బయటపడుతుంది. ఈ అలవాటు ఇప్పుడు నా సొంత కోడ్‌లోకీ వచ్చింది.

అసలు కష్టం లాకుల దగ్గర, అంటే ఒకే డేటాని ఇద్దరు ఒకేసారి మార్చకుండా ఆపే ఏర్పాటు దగ్గర. తర్వాత ఏ ప్రాసెస్ నడవాలో ఎంచే షెడ్యూలర్ ఒక ప్రాసెస్ లాక్ పట్టుకుని స్విచ్ చేస్తుంది, ఆ లాక్‌ని వదిలేది అవతలి ప్రాసెస్. పట్టుకున్నవాడే వదలాలని నేర్చుకున్నవాళ్లకు ఇది మొదట తప్పుగా కనిపిస్తుంది. ప్రాసెస్ స్థితి సగం మారి ఉన్నప్పుడు ఇంకో కోర్ దాన్ని ఎత్తుకుపోకూడదు, అందుకే ఈ ఏర్పాటు. ప్రాసెస్‌ని ఆపి ఉంచే స్లీప్, దాన్ని లేపే వేకప్‌లదీ ఇదే తీరు. నిద్రపోవాలని నిర్ణయించుకున్నాక, నిజంగా నిద్రపోయే లోపు వేకప్ వచ్చి పోతే ఆ ప్రాసెస్‌ని లేపేవాళ్లుండరు. స్లీప్‌కి లాక్‌ని కూడా ఎందుకు పంపాలో ఇక్కడ తెలుస్తుంది. ఈ రెండు ఫంక్షన్లకు మిగతా కెర్నల్‌కి పట్టినంత సమయం పట్టినా కంగారు పడకండి.

లోపాలూ ఉన్నాయి. షెడ్యూలర్ వట్టి రౌండ్ రాబిన్ (వంతులవారీ), ప్రయారిటీలు లేవు. మొత్తం 64 ప్రాసెస్‌లు, ప్రాసెస్‌కు 16 ఓపెన్ ఫైళ్లు. ఫైలు సైజు 268 కిలోబైట్లు దాటదు. స్వాప్ (మెమరీ చాలనప్పుడు పేజీలను డిస్క్‌కి పంపడం) లేదు. ఫోర్క్ చేసిన ప్రతిసారీ మెమరీ అంతా కాపీ అవుతుంది. లైనక్స్ ఇలాగే పనిచేస్తుందని అనుకుంటే పొరపాటు. కానీ వీటిలో చాలావాటిని మనమే పూరించొచ్చు. కాపీ-ఆన్-రైట్ (రాసేటప్పుడే కాపీ చేయడం) కలిపి చూడండి: పేజీలను రీడ్-ఓన్లీగా మార్చాలి, ఒక్కో పేజీకి రెఫరెన్స్ కౌంట్ పెట్టాలి, పేజ్ ఫాల్ట్ వచ్చినప్పుడే కాపీ చేయాలి. ఎంఐటీ కోర్సు అభ్యాసాలు అందరికీ అందుబాటులోనే ఉన్నాయి, ఇది వాటిలో ఒకటి. ఇది చేశాక లైనక్స్‌లో అదే పని చేసే కోడ్ తెరిస్తే, ఎక్కడ మొదలుపెట్టాలో నాకు తెలిసింది.

సీ భాషలో పాయింటర్లు గట్టిగా రానివాళ్లు ముందు అవి చూసుకోండి, లేకపోతే పేజ్ టేబుల్ దగ్గరే విసుగొస్తుంది. రిస్క్-ఫైవ్ అసెంబ్లీ గురించి భయం వద్దు, అది ఉన్నది కొన్ని చిన్న ఫైళ్లలోనే. కాంటెక్స్ట్ స్విచ్ కోడ్ అంటే 14 రిజిస్టర్లు దాచడం, 14 తెచ్చుకోవడం, అంతే. జీడీబీ డీబగ్గర్‌తో చూసేటప్పుడు కోర్ల సంఖ్య 1కి తగ్గించుకోండి. మామూలుగా మూడు కోర్లతో బూట్ అవుతుంది, బ్రేక్‌పాయింట్ ఏ కోర్ మీద ఆగిందో వెతుక్కోవాల్సి వస్తుంది. క్యూఎము నుంచి బయటికి రావడానికి కంట్రోల్-ఏ నొక్కి వదిలి, ఎక్స్ నొక్కాలి. ఫైల్ సిస్టమ్‌ని చివరికి ఉంచుకోండి. దానిలోని లాగింగ్ కోడ్‌ని (సిస్టమ్ మధ్యలో ఆగిపోయినా ఫైళ్లు చెడకుండా చూసేది) లాకులు అర్థమయ్యాక చదివితేనే సాఫీగా సాగుతుంది.