మోగుతున్న స్వరాన్నే మళ్లీ కొట్టి చూడండి: రోడ్స్‌తో, దాని సాఫ్ట్‌వేర్ నకళ్లతో ఆరేళ్లు

పెడల్ తొక్కిపట్టి, నడిమి సప్తకంలో ఏదో ఒక స్వరాన్ని ఓ మాదిరి బలంతో కొట్టండి. అది మోగుతూ ఉండగానే అదే బలంతో మళ్లీ కొట్టండి. అలా ఎనిమిది సార్లు. సుత్తి దెబ్బకి ఉక్కు పుల్లలు మోగే అసలు రోడ్స్ ఎలక్ట్రిక్ పియానోనీ, దాన్ని అనుకరించే సాఫ్ట్‌వేర్ పియానోలనీ విజయనగరంలో ఒకే గదిలో పెట్టుకుని ఆరేళ్లు వాడాక, నా ఇష్టమైనా కోపమైనా ఈ ఎనిమిది దెబ్బల దగ్గరే తేలుతోంది.

అసలుదాంట్లో ఎనిమిదీ ఎనిమిది రకాలుగా పలుకుతాయి. టైన్ అనే సన్నటి ఉక్కు పుల్ల మొదటి దెబ్బకే ఊగడం మొదలుపెట్టి ఉంటుంది. రెండోసారి సుత్తి పైకి లేచేసరికి ఆ పుల్ల ఎదురొస్తూ ఉంటే దెబ్బ గట్టిగా తగిలి గొంతు చీరినట్టు గరగరమంటుంది. సుత్తితో పాటే పైకి పోతూ ఉంటే దెబ్బ సగమే అందుతుంది, స్వరం మెత్తబడుతుంది, ఒక్కోసారి ఉన్న మోత కూడా కాస్త అణుగుతుంది. వేలి బలం మారలేదు. ఆ క్షణాన పుల్ల ఎక్కడుందన్నదే మారింది.

రికార్డు చేసిన శాంపిళ్లతో నడిచే సాఫ్ట్‌వేర్‌కి పుల్ల ఎక్కడుందో తెలిసే దారి లేదు. నిశ్శబ్దంలో ఉన్న పుల్లని కొట్టి చేసిన రికార్డింగ్ ఒకటి మోగుతుండగా దాని మీద ఇంకొకటి వేస్తుంది, లేదా పాతదాన్ని మెల్లగా తగ్గించి కొత్తది మొదలుపెడుతుంది. ఒకే స్వరానికి నాలుగైదు రికార్డింగులు వంతులవారీగా తిప్పితే తేడా వినిపిస్తుంది కానీ ఆ తేడాకీ అంతకుముందు దెబ్బకీ చుట్టరికం ఉండదు. 2016లో వచ్చిన కీస్కేప్ అనే శాంపిళ్ల సాఫ్ట్‌వేర్ డిస్కులో 77 జీబీ తీసుకుంటుంది. ఒక్కో స్వరం విడిగా వింటే అంత అందమైన రికార్డింగులు నేను వేరే చోట వినలేదు. ఈ ఎనిమిది దెబ్బల పరీక్షలో మాత్రం అదీ శాంపిళ్ల జాతిదే. పియానోటెక్, లౌంజ్ లిజర్డ్ లాంటివి రికార్డింగుల జోలికి పోకుండా పుల్ల కదలికని లెక్కకట్టి ధ్వనిని పుట్టిస్తాయి, పియానోటెక్‌కి పదుల ఎంబీలు చాలు. వీటిలో రెండో దెబ్బకి మొదటిది గుర్తున్నట్టే ఉంటుంది. దగ్గరికి వస్తాయి. నా చెవికి మాత్రం మరీ బుద్ధిమంతుల్లా వినిపిస్తాయి, గరగర రావాల్సిన చోట గొంతు సవరించుకుని ఊరుకుంటాయి.

నా దగ్గరున్నది ప్లాస్టిక్ సుత్తులు వచ్చాక తయారైన మార్క్ వన్ స్టేజ్ మోడల్, 73 మెట్లది. ఇంటికి చేరిన రోజున దాని మోత ఏ సాఫ్ట్‌వేర్ కంటే కూడా నాసిగా ఉందని ముందే చెప్పాలి. పుల్లని పట్టి ఉంచే లోహపు కడ్డీ, అంటే ఒక్కో టోన్‌బార్, రెండు రబ్బరు గ్రోమెట్ల మీద కూర్చుంటుంది, మొత్తం 146. అవి ఎండి రాయిలా గట్టిపడితే ఊపు చెక్కలోకి దిగిపోయి స్వరం రెండు క్షణాల్లో చచ్చిపోతుంది. 146 మార్చాక, సుత్తుల నియోప్రీన్ రబ్బరు మొనలు గాడిపడినవి తీసేశాక, ప్రతి పుల్లనీ దాని పికప్ (పుల్ల ఊపుని కరెంటు సంకేతంగా మార్చే అయస్కాంతం, దాని చుట్టూ తీగచుట్ట, అంటే కాయిల్) మొనకి ఎదురుగా వెంట్రుకవాసి పైకి జరిపాక గానీ ఆ ఎనిమిది దెబ్బలు బయటికి రాలేదు. పుల్ల సరిగ్గా పికప్ మొన మధ్యకే చూస్తూ ఉంటే అసలు స్వరం అణిగి పై సప్తకం ముందుకొస్తుంది. గంటలా మోగుతుంది, ముద్దుగా ఉంటుంది, నాలుగు నిమిషాల్లో విసుగొస్తుంది. కొంచెం పైకి జరిపితే ఒళ్లు వస్తుంది. శ్రుతి చేయడానికి పుల్ల మీదున్న చిన్న స్ప్రింగుని కొనవైపు తోస్తే స్వరం దిగుతుంది, మొదలువైపు తోస్తే ఎక్కుతుంది, ఫోన్లో ట్యూనర్ చాలు. బొబ్బిలి వీణకి మేళం (మైనం మీద మెట్లు) కట్టించుకున్నవాళ్లకి ఈ ఓపిక కొత్తేమీ కాదు.

ఇక మూడో వానాకాలంలో జరిగిన పాడు. దీన్ని కొంచెం వివరంగా చెప్తాను, ఎందుకంటే తీరప్రాంతంలో ఎవరి రోడ్స్‌కైనా ఇది రావచ్చు, పైగా తప్పుదారి పట్టించే పాడు.

మొదట కనిపించింది మూగ స్వరం కాదు. మిడిల్ సి పైన రెండు స్వరాలు ఉన్నట్టుండి గట్టిగా మోగడం మొదలైంది. సహజంగా చేసే పనే చేశాను: ఆ రెండిటి పికప్‌లనీ స్క్రూ వదులు చేసి వెనక్కి జరిపాను. సమం అయింది అనుకునేసరికి వాటి పక్కనున్న స్వరం ఆంప్‌లో (యాంప్లిఫయర్‌లో) అసలు రావడం లేదని తెలిసింది. మెత్తగా వాయించేటప్పుడు ఎడమచేతి స్వరాల మధ్య అది పోయిందని చెవి పట్టుకోలేదు.

రెండిటికీ కారణం ఒకటే. ఈ మోడల్లో పికప్‌లు మూడేసి చొప్పున సమాంతరంగా కలిపి, ఆ మూడేసి గుంపుల్ని వరసగా ఒకదాని వెనక ఒకటి కట్టారు. ఒక స్వరం మోగినప్పుడు దాని పికప్ ఇచ్చే వోల్టేజీని మిగతా రెండు కాయిళ్లూ కిందికి లాగుతాయి, మూడో వంతే బయటికొస్తుంది. ఒక కాయిల్ తెగిపోతే లాగేది ఒక్కటే మిగులుతుంది కాబట్టి సగం బయటికొస్తుంది. అంటే ఒకటి మూగబోతే దాని జతగాళ్లిద్దరూ ఒకటిన్నర రెట్లు, డెసిబెల్ లెక్కలో మూడున్నర దాకా పెరుగుతారు. పక్కపక్క స్వరాలు రెండు కారణం లేకుండా గట్టిపడ్డాయంటే వాటిని తగ్గించకండి, మూడోదాన్ని వెతకండి.

వెతికే పద్ధతి ఇది. ఆంప్ ఆపేసి ఆ స్వరం కొట్టండి, పక్కవాటిలాగే చెవికి సన్నగా మోగితే పుల్ల, సుత్తి బాగున్నట్టే. ఆంప్ వాల్యూమ్ బాగా తగ్గించి, చిన్న స్క్రూడ్రైవర్ మొనతో పికప్ మొన మీద తట్టండి. బాగున్నది టక్కుమంటుంది, పోయినది మాట్లాడదు. తర్వాత హార్ప్ (పుల్లలూ పికప్‌లూ బిగించిన చట్రం) నుంచి ముందు పలకకి వచ్చే ఆర్‌సీఏ తీగ పీకేసి మల్టీమీటర్ పెట్టండి. ఒక్కో కాయిల్ ఇంచుమించు 180 ఓములు. మూడూ బాగుంటే ఆ గుంపు మీద 60 చూపిస్తుంది, ఒకటి తెగితే 90. ఏ టంకమూ విప్పకుండానే తేలిపోతుంది. నాకు 91 చూపించింది.

పికప్ ఒక్క స్క్రూ మీద ఊడి వస్తుంది. కాయిల్ బయటి కొన, టంకం చేసిన చోట, పచ్చగా తుప్పెక్కి తెగి ఉంది. తప్పు తయారీది కాదు. అంతకుముందు ఎవరో ఆ చోట మళ్లీ టంకం వేశారు, డబ్బాలో వచ్చే సోల్డరింగ్ పేస్టు వాడి తుడవకుండా వదిలేశారు. ఆ పేస్టులో ఆమ్లం ఉంటుంది, దానికి ఉప్పుగాలి చెమ్మ తోడైతే తలవెంట్రుకంత రాగితీగ ఎన్నాళ్లు ఆగుతుంది? కొన నుంచి ఒక చుట్టు విప్పి, సన్నటి వాటర్ పేపర్‌తో ఎనామిల్ గీకి, 25 వాట్ల ఐరన్‌తో, లోపల రోజనం (రోసిన్) ఉన్న టంకం తీగతోనే అతికించాలి, పేస్టు తాకించకూడదు. తర్వాత ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌తో తుడిచి, అతుకు మీద గోళ్లరంగు ఒక పూత. రంగు లేనిదే కావాలని లేదు, నాది ఎర్రది. తెగింది లోపలి కొన అయితే చుట్టు మొత్తం మళ్లీ చుట్టాలి. అంతవరకు ఎప్పుడూ వాయించని చిట్టచివరి పై స్వరం పికప్ ఊడదీసి ఇక్కడ పెట్టుకోవచ్చు. విడి పికప్ తెప్పించుకుంటే దాని ధర కంటే కొరియరూ కస్టమ్సూ కలిపి ఎక్కువవుతాయి.

అంతా అయ్యాక, అనవసరంగా వెనక్కి జరిపిన ఆ రెండిటినీ మళ్లీ ముందుకి తేవాలి. దూరం ఒకటిన్నర మిల్లీమీటర్ల దగ్గర మొదలుపెట్టి, బలంగా కొట్టినా పుల్ల పికప్‌కి తగలకుండా చూసుకోవాలి.

ఒక హెచ్చరిక. పుల్లల మీద తుప్పు కనిపించిందని ఇనుప పీచు పట్టుకోకండి. ఆ పొడి పికప్ అయస్కాంతాలకి అతుక్కుంటే తీయడం ఎవరి వల్లా కాదు. గిన్నెలు తోమే ఆకుపచ్చ స్క్రబ్బరు ముక్క చాలు, అదీ మెల్లగా.

ఇక్కడ సాఫ్ట్‌వేర్ గురించి నేనన్నవి కొంచెం వెనక్కి తీసుకోవాలి. శ్రావణం నుంచి కార్తీకం దాకా మెట్ల కింద ఫెల్ట్ చెమ్మ పీల్చి ఉబ్బుతుంది. నొక్కిన మెట్టు బద్ధకంగా లేస్తుంది. మోగుతున్న స్వరాన్ని మళ్లీ కొట్టాలంటే మెట్టు ముందు పైకి రావాలి కదా. అంటే సంవత్సరంలో మూడు నాలుగు నెలలు ఆ ఎనిమిది దెబ్బల గొప్ప నాకే దొరకదు. అర కిలో సిలికా జెల్ సంచులు రెండు లోపల పెట్టి మూత వేస్తే కొంత నయం, పదిహేను రోజులకోసారి వాటిని ఆరబెట్టుకోవాలి. జీరో బల్బు లోపల వెలిగించి ఉంచే అలవాటు కొందరికి ఉంది. ఫెల్టూ చెక్కా ఉన్న పెట్టెలో రాత్రంతా అది వెలగడం నాకు ధైర్యం చాలదు. ఆ నెలల్లో నేను వాయించేది ల్యాప్‌టాపే.

ఫ్యాన్ సంగతి ఇంకోటి. రోడ్స్ పికప్‌లు గదిలో ఉన్న ప్రతి కరెంటు గోలనీ పట్టుకుంటాయి. గుండ్రటి నాబ్‌తో ఎంతవరకైనా తిప్పుకునే రకం ఎలక్ట్రానిక్ రెగ్యులేటర్ అయితే ఫ్యాన్ తిరుగుతున్నంతసేపూ జుయ్యిమంటూనే ఉంటుంది. వైశాఖంలో ఇక్కడ ఫ్యాన్ ఆపి వాయించమనడం న్యాయం కాదు. టకటకమని అయిదు మెట్లు పడే కెపాసిటర్ రెగ్యులేటర్ పెట్టించాక చాలావరకు పోయింది. ల్యాప్‌టాప్ అడాప్టర్ పియానో మీద పెడితే మళ్లీ వస్తుంది. సాఫ్ట్‌వేర్‌కి ఈ బాధే లేదు.

కరెంటు విషయంలో మాత్రం స్టేజ్ మోడల్‌దే పైచేయి. దానికి కరెంటే అక్కర్లేదు, ఆంప్‌కే కావాలి. హుద్‌హుద్, తిత్లీ లాంటి తుపాను వచ్చి వెళ్లాక రోజుల తరబడి చీకటి అంటే ఏమిటో ఇక్కడి తీర జిల్లాల వాళ్లకి చెప్పక్కర్లేదు. అలాంటప్పుడూ మూత తీసి వాయిస్తే గది మట్టుకు సన్నగా వినిపిస్తుంది. వుర్లిట్జర్ 200ఏ అనే మరో పాత ఎలక్ట్రిక్ పియానో కొనాలనుకునేవాళ్లు ఇది గుర్తుంచుకోవాలి: దాని పికప్ పనిచేయడానికే కరెంటు తప్పనిసరి, అదీ అమెరికా లెక్కలో ఉండే వోల్టేజీ, స్టెప్‌డౌన్ ట్రాన్స్‌ఫార్మర్ వెంట ఉండాలి. దాని రీడ్లకీ (పుల్లల బదులు మోగే ఉక్కు రేకులకీ) పికప్‌కీ మధ్య 150 వోల్టుల దాకా ఉంటుంది, ఆ సందులో దుమ్ము చేరి చెమ్మ తగిలితే చిటపటలే.

సాఫ్ట్‌వేర్ బాగోలేదు అనేవాళ్లలో సగంమంది కీబోర్డు సరిచేసుకోనివాళ్లే. దెబ్బ బలాన్ని కీబోర్డు నుంచి ల్యాప్‌టాప్‌కి చేరవేసే మిడి పంపేది 1 నుంచి 127 దాకా ఉన్న అంకెలే. తేలిక మెట్ల కీబోర్డులు కొంచెం గట్టిగా నొక్కగానే 127 పంపేస్తాయి, ఇక గరగర ఎప్పుడూ ఉన్నట్టే. మిడి మానిటర్ తెరిచి, మీరు మామూలుగా గట్టిగా అనుకునే దెబ్బ 100 దగ్గర పడేలా వెలాసిటీ గీతని వంచండి. 127 కోపమొచ్చినప్పటికి దాచుకోవాలి. మెట్టు నొక్కాక ధ్వని రావడానికి పట్టే ఆలస్యాన్ని తేల్చే బఫర్‌ని 48 కిలోహెర్ట్‌జ్ దగ్గర 128 పెడితే 2.7 మిల్లీసెకన్లు, 256 పెడితే దానికి రెట్టింపు. నా చేతికి తేడా తెలిసేది ఆ రెండిటి మధ్యే. అసలు రోడ్స్‌ని రికార్డు చేసేటప్పుడు ఆడియో ఇంటర్‌ఫేస్‌లో (ధ్వనిని ల్యాప్‌టాప్‌కి చేర్చే పెట్టెలో) ఇన్‌స్ట్రుమెంట్ అని రాసిన ఇన్‌పుట్‌కే పెట్టండి, లైన్‌కి పెడితే దుప్పటి కప్పినట్టుంటుంది. ఈ ఒక్క తప్పుతో అసలుదే నకలు కంటే నాసి అని తీర్పు చెప్పినవాళ్లు ఉన్నారు.

లైసెన్స్ తిప్పలు ఒక్క మాటలో: నేను వాడిన ఒక సాఫ్ట్‌వేర్, పేరు వద్దు, ఇంటర్నెట్ లేని రోజున తెరుచుకోకుండానే ఆగిపోయింది. ఊరేగింపు పందిట్లో వాయించేవాళ్లు కొనేముందు ఇది కనుక్కోవాలి.

పందిరి అన్నాను కాబట్టి చెప్తున్నాను, సిరిమానోత్సవం రోజు గంటస్తంభం దగ్గర స్టేజి మీద డ్రమ్స్, బేస్ నడుస్తుండగా నా ఎనిమిది దెబ్బలు ఎవరికీ వినపడవు. నాకు కూడా. స్టేజ్ మోడల్ బరువు 60 కిలోలు, ఇద్దరు మనుషులు, ఒక ట్రాలీ ఆటో, దిగాక మళ్లీ శ్రుతి. బయటి కచేరీకి ల్యాప్‌టాపే నయం, సందేహం లేదు. ఇంట్లో ఒక్కరే కూర్చుని నెమ్మదిగా, పెడల్ మీద వాయించే అలవాటున్నవాళ్లకే అసలుది తన విలువ చూపిస్తుంది, అదీ టంకం ఐరన్ పట్టుకోవడం చేతనైతే. నాకు చేతనవును కాబట్టి నా లెక్క ఇలా తేలింది. మెకానిక్ కోసం విశాఖో చెన్నైయో వెళ్లాల్సినవాళ్లకి వేరేలా తేలుతుంది, వాళ్లది తప్పని అనలేను.

ఎక్కడైనా పాత రోడ్స్ చూడ్డానికి వెళ్తే జేబులో మల్టీమీటర్ పెట్టుకెళ్లండి. మూత తీయమనండి, తీయనంటే వెనక్కి వచ్చేయండి. మూడేసి పికప్‌ల గుంపు గుంపుకీ 60 వస్తోందో లేదో చూడండి, మూడుకి కుదరక మిగిలినదాన్ని విడిగా చూడండి. గ్రోమెట్ ఒకదాన్ని గోటితో నొక్కండి, దిగబడకపోతే 146 రబ్బర్ల ఖర్చు ధరలోంచి తగ్గించమనండి. ఆఖరున పెడల్ తొక్కి, ఒకే స్వరం ఎనిమిది సార్లు.